జులై 4న ముగిసిన జీవితాలు

ఏడాదికి ఉన్నవి 365 రోజులే కాబట్టి, ఏ తేదీని ఎంచుకున్నా ఆనాడు కన్నుమూసిన ప్రసిద్ధులు నలుగురైదుగురు కనిపించడంలో వింతేమీ లేదు. అయినా జులై 4కు ఒక ప్రత్యేకత అంటగట్టడానికి కారణం 1826లో అమెరికాలో సంభవించిన జంట మరణాలు. పదమూడు వలస రాజ్యాలు బ్రిటిష్ పాలన నుంచి విడిపోతున్నట్లు చాటిన స్వాతంత్ర్య ప్రకటనకు 1776లో ఆమోదం లభించింది ఆ తేదీనే. ఆ పత్రాన్ని ప్రధానంగా రచించిన థామస్ జెఫర్సన్, వలసల ప్రతినిధి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్‌లో దాని తరఫున గట్టిగా వాదించిన జాన్ ఆడమ్స్, సరిగ్గా దాని స్వర్ణోత్సవం నాడే కొద్ది గంటల తేడాతో మరణించారు.

1800 ఎన్నికల్లో రెండో అధ్యక్షుడైన ఆడమ్స్‌ను ఓడించి జెఫర్సన్ మూడో అధ్యక్షుడయ్యాక ఇద్దరి మధ్య మాటలు లేకుండా పోయాయి. ఉభయులకూ మిత్రుడైన వైద్యుడు బెంజమిన్ రష్ చొరవతో 1812లో మళ్లీ మొదలైన ఉత్తరాలు నూట యాభై దాటాయి. ఇద్దరు పాత ప్రత్యర్థులు మతం, తత్వం, విప్లవ కాలపు జ్ఞాపకాల గురించి తీరిగ్గా సాగించిన ఆ చర్చ, మరణాల కాకతాళీయత కన్నా ఎంతో విలువైనది. వర్జీనియాలోని మాంటిచెల్లోలో మధ్యాహ్నమే జెఫర్సన్ 83 ఏళ్ల వయసులో పోయిన సంగతి తెలియక, మసాచుసెట్స్‌లోని క్విన్సీలో ఆ సాయంత్రం ప్రాణం విడుస్తున్న 90 ఏళ్ల ఆడమ్స్, జెఫర్సన్ ఇంకా బతికే ఉన్నారన్న అర్థంలో ఏదో పలికారని చెబుతారు. అప్పటి అధ్యక్షుడూ, ఆడమ్స్ కుమారుడూ అయిన జాన్ క్విన్సీ ఆడమ్స్ సహా పలువురు ఇందులో దైవానుగ్రహాన్ని చూశారు. మనుషులందరూ సమానులని రాసిన జెఫర్సన్ మిగిల్చి వెళ్లిన అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో మాంటిచెల్లోలోని 130 మంది బానిసలను వేలానికి పెట్టిన వాస్తవం మాత్రం ఆ అనుగ్రహపు కథలో సాధారణంగా కనిపించదు. అయిదో అధ్యక్షుడు జేమ్స్ మన్రో 1831లో ఇదే తేదీన పోవడంతో నమ్మకం మరికొంత బలపడింది.

ఈ తేదీని స్వయంగా కీర్తించిన భారతీయుడు స్వామి వివేకానంద. 1893 ఫిబ్రవరిలో సికిందరాబాద్ మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్రా లక్ష్యాన్ని వివరించి, అదే ఏడాది షికాగో సర్వమత సభకు వెళ్లిన ఆయన, 1898 జులై 4న కశ్మీర్‌లో అమెరికన్ శిష్యుల మధ్య ఆ దినాన్ని స్తుతిస్తూ ఇంగ్లిష్‌లో కవిత రాశారు. సరిగ్గా నాలుగేళ్లకు, 1902లో, మధుమేహం, ఉబ్బసం కుంగదీసిన దేహంతోనే మధ్యాహ్నం బ్రహ్మచారులకు సంస్కృత వ్యాకరణం బోధించి, ఆ రాత్రి బేలూరు మఠంలో 39 ఏళ్ల వయసులో కన్నుమూశారు. యోగి తన ఇచ్ఛతో దేహాన్ని విడవడమైన మహాసమాధిగానే శిష్యులు దాన్ని గ్రహించారు.

1934లో ఫ్రాన్స్ ఆల్ప్స్ ప్రాంతంలోని ఒక శానిటోరియంలో 66 ఏళ్ల మేరీ క్యూరీని బలిగొన్నది ఎప్లాస్టిక్ ఎనీమియా, అంటే ఎముక మజ్జ కొత్త రక్తకణాలను తయారు చేయలేని స్థితి. భౌతిక, రసాయన శాస్త్రాలు రెండింటిలోనూ నోబెల్ అందుకున్న ఆమె అవశేషాలను 1995లో పారిస్‌లోని పాంథియన్‌కు తరలించినప్పుడు జరిపిన కొలతల్లో రేడియోధార్మికత తక్కువగా ఉండటంతో, రేడియం కన్నా మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం ఆమె నడిపిన ఎక్స్‌రే పరికరాలే ఎక్కువ హాని చేసి ఉంటాయన్న అభిప్రాయం ముందుకొచ్చింది.

తెలుగు నేలపై జులై 4 అనగానే గుర్తుకొచ్చేది 1897లో పుట్టిన అల్లూరి సీతారామరాజు జయంతి. ఆ ఉత్సవాల నడుమ, 1963లో అదే తేదీన పేదరికంలో మరణించిన పింగళి వెంకయ్య వర్ధంతి మరుగున పడుతోంది. భట్లపెనుమర్రులో పుట్టి, దక్షిణాఫ్రికాలో డచ్ సంతతి వలసదారులతో బ్రిటిష్ వారు చేసిన బోయర్ యుద్ధంలో సైనికుడిగా పనిచేసిన ఆయనను, నేర్చిన భాషను బట్టి జపాన్ వెంకయ్య అనీ, పరిశోధించిన పంటను బట్టి పత్తి వెంకయ్య అనీ పిలిచేవారు. 1916లో జాతీయ పతాక నమూనాలతో పుస్తకం ప్రచురించి, 1921లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనాను గాంధీకి సమర్పించారు. గాంధీ సూచనతో తెలుపు చేరింది. 1931లో కాంగ్రెస్ ఎరుపు స్థానంలో కాషాయాన్ని తెచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన పతాకంలో, అంతవరకూ జెండాపై ఉన్న రాట్నం స్థానాన్ని అశోక చక్రం తీసుకుంది. కాబట్టి నేటి జెండాను ఆయనొక్కరే రూపొందించారనడం కన్నా, దాని మూల నమూనా ఆయనదనడమే సరైనది. తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వెలువరించింది 2009లో, ఆయన పోయిన 46 ఏళ్లకు.