అప్పులకూ ఓ వరుస ఉంది

2021 సంక్రాంతి వెళ్ళిన నాలుగోరోజు. వాకిట్లో ముగ్గులు ఇంకా పూర్తిగా చెరగలేదు. రాత్రి భోజనాలయ్యాక మావారు గోడకున్న పాత క్యాలెండరు తీసి, వెనక్కి తిప్పి నేలమీద పరిచారు. "చెప్పు, ఎవరెవరికి ఎంతెంతుందో రాద్దాం" అన్నారు పెన్ను తీస్తూ.

నాకు గుండె దడదడలాడింది. ఆ లెక్కలో ఆయనకు తెలియని అప్పొకటి నాది ఉంది మరి!

మాది వేములపల్లి. సాగర్ ఎడమ కాల్వ నీళ్ళు, వరి మళ్ళు, బస్సెక్కితే మిర్యాలగూడ. మావారు అక్కడే ఓ రైసు మిల్లులో గుమాస్తా. మామయ్యకు కాల్వ కింద రెండెకరాలుంది. నేను డిగ్రీ చదివి ఇల్లు చూసుకుంటున్నదాన్ని. పాడి ఉంది, తీరికైతే కథలు రాస్తాను. 2015 అక్టోబరులో పాత పెంకుటిల్లు తీసేసి కొత్తిల్లు కట్టుకున్నాం. బ్యాంకులో ఎనిమిది లక్షలు అప్పు. పది శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు, నెలకు 7,720 రూపాయల కంతు.

"ఎనిమిది వేలు కూడా లేదుగా, అద్దె కట్టినట్టే అనుకుందాం" అని గృహప్రవేశంనాడు అందరికీ పాయసం పెట్టాను. ఆ కంతులో మొదటి నెల 6,667 రూపాయలు వడ్డీకే పోయిందనీ, అసలు తగ్గింది 1,053 రూపాయలేననీ నాకప్పుడు తెలియదు. ఇరవై ఏళ్ళూ అలాగే కడుతూపోతే ఎనిమిది లక్షలకు మొత్తం పద్దెనిమిదిన్నర లక్షలవుతుందనీ తెలియదు.

ఐదేళ్ళయ్యాక బ్యాంకు నుంచి స్టేట్‌మెంటు తెచ్చారు. అప్పటికి మేం కట్టింది నాలుగు లక్షల నలభై వేలు. బాకీ చూస్తే ఇంకా ఏడు లక్షల పైచిలుకు! 2020 లాక్‌డౌన్‌లో జీతం సగమే వస్తే, రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటుతో మూడు నెలలు కంతు ఆపాం. కట్టక్కర్లేదన్నారని సంబరపడ్డాం కానీ, ఆ నెలల వడ్డీ మాఫీ కాలేదు, బాకీలోనే కలిసింది.

అత్తమ్మకు ఈ లెక్కలు పట్టవు. ఆమెది ఒకటే మాట. "ఇంటి కాయితాలు బ్యాంకుల ఉంటే నిద్రెట్ల పడ్తది బిడ్డా? ఉన్నదంతా పెట్టి ముందు అది ఇడిపియ్యున్రి."

అందుకే ఆ ఏడాది వానాకాలం వడ్లమ్మిన డబ్బులో లక్ష రూపాయలు మావారు నేరుగా తీసుకెళ్ళి ఇంటి అప్పుకు కట్టి వచ్చారు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయాం. అదెంత తెలివితక్కువ పనో క్యాలెండరు మీద లెక్క రాసిన రోజు గానీ అర్థం కాలేదు.

రెండు రూపాయలంటే ఎంత?

మొదట అందరికీ తెలిసిన అప్పులు రాశాం. 2018లో మామయ్య గుండె ఆపరేషన్‌కు బంధువుల దగ్గర తెచ్చిన లక్షా యాభై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. లాక్‌డౌన్‌లో నా గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చిన తొంభై వేలు. బోరుకూ ప్రహరీకీ ఎత్తుకున్న చిట్టీ, నెలకు ఐదు వేల చొప్పున ఆ ఏడాది ఆఖరు దాకా కట్టాలి. చివర ఇంటి అప్పు.

మన వైపు వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం. "రెండు రూపాయలేగా" అనేస్తాం. ఆ రెండు రూపాయలు నెలకు! ఏడాదికి ఇరవై నాలుగు శాతం. అప్పటికి ఇంటి అప్పు మీద వడ్డీ తొమ్మిది శాతానికి దిగింది. అంటే మేం బ్యాంకులో కట్టొచ్చిన లక్ష, ఏడాదికి తొమ్మిది వేల వడ్డీ తప్పించింది. అదే లక్ష చేబదులు అప్పుకు కట్టి ఉంటే ఇరవై నాలుగు వేలు తప్పేది. నిద్ర బాగా పట్టింది కానీ, ఆ నిద్ర ఖరీదు ఏడాదికి పదిహేను వేలు!

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు మావారు, నా మొహం చూడకుండా.

చెప్పాను. 2019లో అమ్మకు గర్భసంచి ఆపరేషనైతే తమ్ముడి చేతిలో పైసా లేదు. మహిళా సంఘంలో నా పేరిట నలభై వేలు తీసి ఇచ్చాను. పుట్టింటికి దోచిపెడుతోందంటారేమోనన్న భయంతో ఇంట్లో చెప్పలేదు. పాల డబ్బుల్లోంచి నెలనెలా కడుతున్నాను. పాలు తగ్గాయని రెండేళ్ళుగా అబద్ధమాడుతున్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత క్యాలెండరు మీద ఇంకో గీత గీసి రాశారు: ముప్పై వేలు, తోటి గుమాస్తా, నూటికి మూడు. "అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కు. మేనమామను తక్కువ పెట్టానంటారని..." అన్నారు నెమ్మదిగా.

ఇద్దరమూ నవ్వామో ఏడ్చామో తెలియదు. ఒక ఇంట్లో, ఒకే మంచం మీద, ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం వడ్డీలు కట్టుకుంటున్నాం. అమ్మకు చేసినా, అక్కకు చేసినా ముందే ఒక మాట చెప్పుకుని ఉంటే, ముప్పై ఆరు శాతం వడ్డీకి ముప్పై వేలు తేవలసిన గతి పట్టేదా?

మడి తర్వాత మడి

ఆ రాత్రి మామయ్య మాట్లాడకుండా అన్నీ విన్నారు. చివర్న ఒకే ఒక్క మాటన్నారు. "కాల్వ నీళ్ళు అన్ని మళ్ళకు ఒక్కసారే ఇడిస్తే ఏ మడీ తడ్వది. ఒకటి నిండినంక గట్టు తెంపి ఇంకోదానికి ఇడ్వాలె."

మా పద్ధతికి అదే పునాది. ఏ అప్పుకూ కంతు ఆపకూడదు. మిగిలిన ప్రతి రూపాయీ మాత్రం వడ్డీ ఎక్కువున్న అప్పుకే వెళ్ళాలి. అది తీరగానే దానికి కట్టే మొత్తం పక్క అప్పుకు మళ్ళాలి, ఇంటి ఖర్చులో కలవకూడదు.

ముందు మూడు రూపాయల అప్పు తీర్చాం. తరువాత రెండు రూపాయలది. నెలకు మూడు వేలు వడ్డీకే పోయేది, అసలు తరిగేకొద్దీ ఆ వడ్డీ తగ్గి, మిగిలింది మళ్ళీ అసలుకే పోయింది. మూడోది బంగారం. గడువు దాటితే వేలం వేస్తారన్న భయం ఉంది కాబట్టి ఏడాది నిండేలోగా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ వచ్చాం.

చిట్టీ జోలికి పోలేదు. ఎత్తేసిన చిట్టీ ముందుగా కట్టినా కలిసొచ్చేది లేదు. 2021 డిసెంబరులో అది అయిపోగానే ఆ ఐదు వేలూ బంగారం వైపు మళ్ళాయి.

సంఘం అప్పు సంగతి వేరు. దుబగుంటలో సారాపై తిరగబడ్డ ఆడవాళ్ళు, రోజుకో రూపాయి దాచుకున్న నెల్లూరు పొదుపులక్ష్ములు నడిచిన దారి అది. నాబార్డు 1992లోనే సంఘాలకు బ్యాంకులతో లంకె వేసింది. అక్కడ వడ్డీ తక్కువ, పైగా సకాలంలో కట్టేవాళ్ళకు వడ్డీ తిరిగిచ్చే పథకం ఉంది. కానీ ఒక్కరు ఆపితే పదిమందికీ కొత్త అప్పు పుట్టదు. అందుకని దాన్ని గడువు ప్రకారమే కట్టాను. ఈసారి దొంగచాటుగా కాదు.

ఒకటి మాత్రం ఒట్టేసుకున్నాం, అప్పు తీర్చడానికి అప్పు చేయకూడదని. ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మరుణాల గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక సంస్థ వారం కంతు కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర తీసుకుని ఎన్ని కుటుంబాలు మునిగాయో! ఆత్మహత్యల దాకా వెళ్ళాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇప్పుడు ఆ వసూళ్ళవాళ్ళ బదులు ఫోనులో యాప్‌లొచ్చాయి. పేరు మారింది, ఉచ్చు అదే.

2022 ఆఖరుకు ఇంటి అప్పు తప్ప అన్నీ తీరాయి. గాజులు చేతికొచ్చాయి.

కంతు అదే, నెలలు పెరిగాయి

ఇక ఇంటి అప్పు మీద పడ్డాం. అంతకు ఏడాది ముందే దాన్ని రెపో రేటుకు ముడిపడిన పద్ధతిలోకి మార్పించుకున్నాం. మొదట లాభమే అయింది. కానీ 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపోను 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. మా కంతు మాత్రం పైసా పెరగలేదు. బ్యాంకువాళ్ళెంత మంచివాళ్ళో అనుకున్నాను. తీరా స్టేట్‌మెంటు చూస్తే కంతు బదులు నెలలు పెరిగాయి!

మరి మనకు దారి లేదా అంటే, ఉంది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది: వడ్డీ మారినప్పుడు కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవారే ఎంచుకోవచ్చు. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీరిస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012లోనే చెప్పింది. విడిగా ఐదు వేలు కట్టినా, యాభై వేలు కట్టినా, "కంతు తగ్గించొద్దు, నెలలు తగ్గించండి" అని కాగితం రాసివ్వండి. ఏడాదికి ఒక్క కంతు అదనంగా కట్టినా, తొమ్మిది శాతం వడ్డీ ఉన్న ఇరవై ఏళ్ళ అప్పు మూడున్నరేళ్ళ ముందే తీరుతుంది.

రెండు పంటల వడ్లు, పాల డబ్బు, చివరికి నా కథలకొచ్చే ఐదొందలూ అక్కడికే. అంత పట్టుదలలో ఇంకో తప్పు చేశాం. 2023 సెప్టెంబరులో మా బాబుకు డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో నలభై ఐదు వేలు కట్టాలన్నారు. ఇంట్లో ఎనిమిది వందలున్నాయి. అప్పుకు కట్టిన డబ్బు అడిగితే బ్యాంకు వెనక్కివ్వదు కదా! చేతికొచ్చి ఏడాది కాని గాజులు మళ్ళీ తాకట్టుకెళ్ళాయి. బాబు కోలుకున్నాడు. ఆ రోజు నుంచి యాభై వేలు డిపాజిట్ చేసి పక్కన పెట్టాకే మిగతాది అప్పుకు కట్టాం.

కాగితాలు ఇంటికొచ్చిన రోజు

2025 జూన్‌లో ఆఖరి రూపాయి కట్టాం. పదేళ్ళు ముందు! కాగితాలడిగితే "వచ్చే వారం రండి" అన్నారు. రెండు వారాలు అదే మాట. అప్పు పూర్తిగా తీరిన ముప్పై రోజుల్లోపు అసలు దస్తావేజులు ఇవ్వాలనీ, వాళ్ళవల్ల ఆలస్యమైతే రోజుకు ఐదు వేలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తూ దరఖాస్తు రాసిచ్చాను. నాలుగోరోజు ఫోనొచ్చింది.

కాగితాలొచ్చాయి కదా అని ఊరుకోకండి. బాకీ లేదన్న పత్రం తీసుకోండి. తాకట్టు రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా రిజిస్టరు చేయించుకోండి. తర్వాత ఈసీ తీయించి, అందులో చూసుకుని అప్పుడు బీరువాలో పెట్టండి.

అత్తమ్మ ఆ కట్టను దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టింది. "ఇగ నిద్ర పడ్తది" అంది. నాకు మాత్రం నాలుగేళ్ళ క్రితం ఆ క్యాలెండరు పరిచిన రాత్రే మంచి నిద్ర పట్టింది. అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు ఆనాడు. దాచడం తప్పిందంతే.

ఆ క్యాలెండరు పారేయలేదు. ఇప్పటికీ బీరువాలో దస్తావేజుల కిందే ఉంది. మీ ఇంట్లోనూ పాత క్యాలెండరొకటి ఉండే ఉంటుంది కదా?