పాతికేళ్ల దాకా ఉద్యోగం: తిరువళ్లూరు, తిరుత్తణి యువతీ యువకుల పని లెక్క

భారత ప్రభుత్వ గణాంకాల్లో యువత అంటే 15 నుంచి 29 ఏళ్ల వయసువాళ్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మాత్రం 24 ఏళ్లకే గీత గీస్తుంది. ఈ వయసువాళ్ల పనిని మూడు అంకెలతో కొలుస్తారు. పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిస్తే శ్రామిక శక్తి. మొత్తం యువతలో నిజంగా పనిలో ఉన్నవాళ్ల శాతం రెండో అంకె. శ్రామిక శక్తిలో పని దొరకనివాళ్ల శాతం నిరుద్యోగ రేటు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది ఈ మూడోదే. ఆడ మగ తేడా తెలుసుకోవాలనుకునేవాళ్లకు మూడింటిలో అతి తక్కువ పనికొచ్చేదీ అదే.

కేంద్ర గణాంక శాఖ చేసే శ్రామిక శక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) 2023-24 ఫలితాల్లో దేశవ్యాప్తంగా యువకుల నిరుద్యోగ రేటు 9.8 శాతం, యువతులది 11 శాతం. ఇంతవరకే చదివితే ఇద్దరి పరిస్థితీ ఇంచుమించు ఒకటే అనిపిస్తుంది. శ్రామిక శక్తి అంకెను దీనికి జోడించి చూస్తే సంగతి వేరు. నూరుమంది యువకుల్లో దాదాపు 63 మంది శ్రామిక శక్తిలో ఉంటే, నూరుమంది యువతుల్లో 29 మందే ఉన్నారు. పని దొరకనివాళ్లను తీసేస్తే చేతిలో పని ఉన్న మగపిల్లలు 57 మంది, ఆడపిల్లలు 26 మంది. శ్రామిక శక్తిలోనే లేని డెబ్బై ఒక్కమంది ఆడపిల్లలు నిరుద్యోగుల జాబితాలో కనిపించరు. వాళ్లు పని అడగలేదు కాబట్టి పని దొరకనివాళ్లు కారు. కొందరు చదువుకుంటున్నారు, ఎక్కువమంది ఇంటి పనిలో ఉన్నారు. ప్రపంచమంతటా ఇదే తీరు కనిపిస్తుంది. చదువులోగానీ ఉద్యోగంలోగానీ శిక్షణలోగానీ లేని యువత 2023లో మగవాళ్లలో 13.1 శాతం ఉంటే ఆడవాళ్లలో 28.1 శాతమని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క.

ఈ జాతీయ సగటును ఒక జిల్లా మీదికి దించి చూడడం ఇన్నాళ్లూ కష్టంగానే ఉండేది. పీఎల్ఎఫ్ఎస్ నమూనా రాష్ట్రం దాకా నమ్మదగిన అంకె ఇచ్చేది, జిల్లాకు ఇచ్చేది కాదు. జిల్లాను మూల యూనిట్‌గా తీసుకుని సర్వేను తిరిగి రూపొందించింది 2025 జనవరి నుంచే. జనాభా లెక్కల సంగతి సరేసరి, 2011 తర్వాత ఇంకా పూర్తి కాలేదు. ఆ ఏడాది తిరువళ్లూరు జిల్లా జనాభా 37 లక్షల 28 వేలు. 2018లో అంబత్తూరు, మాధవరం, తిరువొత్తియూరు తాలూకాలు చెన్నై జిల్లాలో కలిసిపోయాక ఆ అంకె కూడా పాతబడింది. అందుచేత ఇక్కడి యువత పనిని అర్థం చేసుకోవాలంటే రైలు మార్గం, ఫ్యాక్టరీ గేటు, మగ్గం, పెళ్లి వయసు, వీటిని చూడవలసిందే.

జిల్లా 1997లో చెంగల్పట్టు నుంచి విడిపోయి ఏర్పడింది. తిరుత్తణి అంతకుముందే చేతులు మారింది. చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ తాలూకాలో అధిక భాగం సరిహద్దు వివాదంలో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సుల ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది, బదులుగా సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట పల్లెల్లో నేటికీ తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు చాలా. 1888లో తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువు కోసం తిరుపతి, వేలూరు, మద్రాసు వెళ్లారు. ఊరు విడిచి వెళితేగాని ముందుకు పోలేని స్థితి ఇక్కడ కొత్తదేమీ కాదు.

జిల్లాలో పనులు చెన్నై వైపు దట్టంగా ఉండి, పడమరకు వెళ్లేకొద్దీ పలచబడతాయి. ఆవడిలో యుద్ధ ట్యాంకుల కర్మాగారం, దాని పక్క, ఇప్పుడు చెన్నై జిల్లాలోకి వెళ్లిన అంబత్తూరు పారిశ్రామికవాడ 1960ల నాటివి. తిరువళ్లూరు పట్టణం దగ్గర హిందుస్థాన్ మోటార్స్ కట్టిన ఫ్యాక్టరీలో ఇప్పుడు సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి, క్యాటర్‌పిల్లర్ యంత్రాల ప్లాంటూ అక్కడే ఉంది. ఉత్తరాన గుమ్మిడిపూండి, తేర్వాయ్ కండిగై సిప్‌కాట్ పారిశ్రామికవాడలు. తిరువళ్లూరుకు దక్షిణంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కాంచీపురం జిల్లాకు చెందిన శ్రీపెరుంబుదూరు. తిరుత్తణి మాత్రం గుడి, కోర్టు, కాలేజీ, బస్టాండు చుట్టూ తిరిగే పట్టణం. అక్కడి నుంచి చెన్నైకి 80 కిలోమీటర్ల పైనే. అరక్కోణం మీదుగా లోకల్ బండి ఉంది కాబట్టి రోజూ వెళ్లి రావచ్చు, కానీ రానూపోనూ నాలుగైదు గంటలు బండికే పోతాయి. మగపిల్లవాడు రాత్రి పదింటికి ఇల్లు చేరితే ఎవరూ అడగరు. ఆడపిల్లకు ఆ వెసులుబాటు లేదు. ఈ రైలు మార్గం మీద ఎవరికి ఎంత దూరం వరకు ఉద్యోగం దొరుకుతుందనేది చదువుకన్నా ముందు ఈ ఒక్క విషయమే తేలుస్తుంది.

యువకుల బాట దాదాపు అందరిదీ ఒకటే. ప్లస్ టూ లేదా ఐటీఐ, డిప్లొమా, ఆపైన అప్రెంటిస్, కాంట్రాక్టు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాడు, కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. సర్వే లెక్కలో మాత్రం జీతం తీసుకునే అప్రెంటిస్ నెల జీతగాళ్లలోనే చేరతాడు. ఏడాది తిరిగేసరికి శిక్షణ ముగిసి ఇంకో కంపెనీ గేటు దగ్గర నిలబడినవాడు కూడా గణాంకాల్లో పర్మనెంటు ఉద్యోగి పక్కనే కూర్చుంటాడు. దేశంలో వ్యవసాయేతర నెల జీతగాళ్లలో సగానికి పైగా మందికి రాతపూర్వక ఒప్పందం లేదని అదే సర్వే చెబుతోంది. అంటే మగవాళ్ల విషయంలో అసలు ప్రశ్న పని ఉందా లేదా అన్నది కాదు, ఆ పని ఎన్నాళ్లు ఉంటుందన్నది.

డిగ్రీ చదివినవాళ్లది మరో సమస్య. 2024 నాటి భారత ఉపాధి నివేదిక ప్రకారం 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివాళ్లలో 3.4 శాతం. చదువు ఉద్యోగాన్ని చెడగొట్టిందని దీని అర్థం కాదు. ఇంట్లో తిండికి జరుగుబాటు ఉన్నవాళ్లే ఏళ్ల తరబడి నచ్చిన ఉద్యోగం కోసం ఆగగలరు, లేనివాళ్లు దొరికిన పనికి పోతారు. తిరుత్తణి చుట్టుపక్కల ఆ ఆగడం పేరు టీఎన్‌పీఎస్‌సీ, అంటే రాష్ట్ర సర్వీసు కమిషన్ పరీక్షలు. ఇక్కడే తెలుగు పిల్లలకు అదనపు గడప ఒకటుంది. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది, పదో తరగతికి 2015-16లో చేరింది. 2021 చివర్లో సర్వీసు కమిషన్ పరీక్షల్లో తమిళ పేపరు అర్హతగా మారింది, అందులో 40 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. తమిళ మీడియంలో చదివినవాళ్లకు ఇది ఇబ్బంది కాదు. తెలుగు మీడియంలో చదివి ముప్పై ఏళ్లకు దగ్గరపడుతున్నవాళ్లకే దెబ్బ. అమ్మాయిలకు ప్రభుత్వోద్యోగాల్లో 30 శాతం రిజర్వేషన్ 1989లో వచ్చింది, పరీక్షకు కూర్చునేవాళ్లలో వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండడానికి అదొక కారణం.

యువతుల బాట వేరు. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలలో సుమారు 43 శాతం ఒక్క తమిళనాడులోనే ఉన్నారని 2019-20 వార్షిక పరిశ్రమల సర్వే లెక్క తేల్చింది. దీని వెనక చదువు, బస్సు సౌకర్యాలతో పాటు ఒక కోర్టు తీర్పు కూడా ఉంది. ఫ్యాక్టరీ చట్టంలోని 66వ సెక్షన్ ఆడవాళ్లను రాత్రి షిఫ్టులో పెట్టుకోవడాన్ని నిషేధించేది. మద్రాసు హైకోర్టు 2000లో ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, రక్షణ ఏర్పాట్లు ఉంటే రాత్రి పని ఇవ్వవచ్చని చెప్పింది. మూడు షిఫ్టులు నడిచే ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు ఆ తీర్పుతో దారి తెరుచుకుంది. 2006లో శ్రీపెరుంబుదూరులో మొదలైన నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ వేల సంఖ్యలో అమ్మాయిలను తీసుకుంది. చాలామందికి ఇంట్లో వాళ్లదే మొదటి నెల జీతం. పన్ను వివాదం వల్ల, నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్న మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లకుండా మిగిలిపోయిన ఆ ఫ్యాక్టరీ 2014 నవంబరు 1న మూతపడింది.

ఆ తర్వాత సుంగువార్‌సత్రంలో ఐఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ వచ్చింది. కంపెనీ బస్సు ఊరి మలుపు దాకా వస్తుంది, దూరం ఎక్కువైనవాళ్లకు హాస్టల్ ఉంటుంది. ఈ రెండే లేకపోతే పళ్లిపట్టు అమ్మాయి శ్రీపెరుంబుదూరులో పనిచేయడం జరిగే పని కాదు. హాస్టల్‌లో నిద్ర, తిండి, సెలవు కూడా కంపెనీ చేతిలోకి పోవడం దీని మరో ముఖం. 2021 డిసెంబరులో పూందమల్లి దగ్గరి హాస్టల్‌లో భోజనం వికటించి వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. వందలమంది యువతులు చెన్నై-బెంగళూరు రహదారి మీద బైఠాయించారు, ఫ్యాక్టరీ కొన్ని వారాలు ఆగింది. యూనియన్ లేని చోట ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు చేసిన పని అది. 2024 ఆగస్టులో వల్లం వడగాల్‌లో 18,720 మంది ఉండగలిగే హాస్టల్ సముదాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించింది.

అంతకు రెండు నెలల ముందు, 2024 జూన్‌లో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ కూర్పు పనుల్లోకి పెళ్లయిన స్త్రీలను తీసుకోవడం లేదని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రం నుంచి నివేదిక కోరింది. కంపెనీ వివక్ష ఆరోపణను ఖండించింది, అప్పటికే పెళ్లయినవాళ్లను కూడా తీసుకుంటున్నామంది. ఒక కంపెనీ సంగతి ఎలా తేలినా ఈ ఉద్యోగాల తీరే పెళ్లికాని వయసుకు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. నిలబడి చేసే ఎనిమిది గంటల పని, మారుతుండే షిఫ్టులు, హాస్టల్ మంచం, పిల్లల్ని చూసుకునే చోటు లేకపోవడం, వీటి మధ్య ప్లస్ టూ అయిన అమ్మాయి నాలుగైదేళ్లు చేసి, నగలకో తమ్ముడి చదువుకో నాలుగు డబ్బులు వెనకేసి, పెళ్లితో మానేస్తుంది. మగవాళ్లలో పాతికేళ్లు దాటేసరికి దాదాపు అందరూ ఏదో ఒక పనిలో కుదురుకుంటారు. అదే వయసులో ఈ ఫ్యాక్టరీల ఆడవాళ్లు పనిలోంచి బయటికి వస్తారు. 15-29 అని ఒకే గంపలో పోసిన సగటు ఈ ఎదురెదురు నడకలను కనిపించకుండా చేస్తుంది.

పెళ్లయ్యాక ఆ యువతి ఖాళీగా ఏమీ ఉండదు. పళ్లిపట్టు, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం, ఆర్.కె.పేట, సరిహద్దు అవతల నగరి, పుత్తూరు మరమగ్గాల ఊళ్లు. మగ్గం దగ్గర మగవాళ్లు నిలబడితే కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం, నేసిన బట్ట మడత పెట్టడం ఆడవాళ్ల వంతు. కూలి గజాల లెక్కన, మగ్గం నడిపే మనిషి పేరున వస్తుంది. ఈ పనిని సర్వే పూర్తిగా వదిలేయదు. ఇంటి వృత్తిలో జీతం లేని సహాయకురాలిగా ఆమెను పని చేస్తున్నవాళ్లలోనే వేస్తుంది, అయితే అడిగినవాళ్లు సరిగ్గా అడగాలి, చెప్పేవాళ్లు ఒప్పుకోవాలి. ‘ఇంట్లోనే ఉంటుంది’ అని మామగారు ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆమె గృహిణుల గడిలోకి పోతుంది.

గత కొన్నేళ్లలో స్త్రీల శ్రామిక శక్తి పెరిగిందన్న మాటను ఈ నేపథ్యంలోనే చూడాలి. దేశంలో 15 ఏళ్లు దాటిన స్త్రీలలో అది 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పెరుగుదల నిజమే. అయితే అదే కాలంలో పనిచేసే స్త్రీలలో నెల జీతగాళ్ల వాటా 21 నుంచి 15.9 శాతానికి తగ్గింది, స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4కు పెరిగింది. జీతం లేని సహాయకులు ఈ స్వయం ఉపాధిలోనే ఉంటారు. పని పెరిగినంతగా చేతికి డబ్బు రాలేదన్నమాట. దేశం సంపన్నమయ్యేకొద్దీ ఆడవాళ్ల పని ముందు తగ్గి, చదువుతో, ఆఫీసు ఉద్యోగాలతో మళ్లీ పెరుగుతుందని 2023లో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా చరిత్ర నుంచి చూపించారు. తిరువళ్లూరు పట్టణం ఆ మలుపు దగ్గర ఉందనుకోవచ్చు, పళ్లిపట్టు ఇంకా రాలేదు.

ప్రభుత్వం చేతిలో ఉన్నవి చిన్న మీటలే అయినా కొన్ని బాగా పనిచేశాయి. 2021 మే నుంచి సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకి వెళ్లే అమ్మాయిలకు 2022 సెప్టెంబరు నుంచి ‘పుదుమై పెణ్’ కింద నెలకు వెయ్యి రూపాయలు, అబ్బాయిలకు 2024 ఆగస్టు నుంచి అదే మొత్తం ఇస్తున్నారు. ఇవి కాలేజీ దాకా తీసుకెళ్తాయి. పెళ్లయిన పాతికేళ్ల స్త్రీని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకొచ్చే ఏర్పాటు వీటిలో ఒక్కటీ కాదు. శిశు సంరక్షణ కేంద్రం, పగటి షిఫ్టు, ఊరికి అరగంట దూరంలో పని, ఈ మూడూ కలిస్తే తప్ప అది జరగదు.

1960 మార్పిడిలో ఆంధ్రకు వచ్చిన సత్యవేడు వైపు 2008 తర్వాత శ్రీసిటీ పారిశ్రామికవాడ లేచింది, తడ దగ్గర బూట్ల ఫ్యాక్టరీ అంతకుముందే వచ్చింది. అక్కడా లైన్ల మీద ఎక్కువమంది యువతులే, అక్కడా కంపెనీ బస్సులే, వయసూ అదే. సరిహద్దుకు రెండు పక్కలా విధానాలు వేరైనా ఆడపిల్ల ఉద్యోగ జీవితం కొలత ఒక్కటే అయింది.

జిల్లా అంకెలు ఇకపై రావచ్చు, జనగణన 2027లో ముగియనుంది. వాటిలో తిరువళ్లూరు జిల్లా నిరుద్యోగ రేటు ఎంత తక్కువ కనిపించినా ముందు చూడవలసింది 25 నుంచి 29 ఏళ్ల మధ్య పెళ్లయిన స్త్రీలలో నెల జీతం తీసుకుంటున్నవాళ్లు ఎంతమంది అన్నది. ఆ వరుసను విడిగా అచ్చు వేయమని గణాంక శాఖను అడగవలసింది జిల్లా ప్రజాప్రతినిధులే.