ఒకే గడప.. ఇద్దరి హక్కు

దారుణమైన నేరం జరిగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. బాధితులకు న్యాయం కావాలంటే నిందితుల హక్కులకు కత్తెర వేయక తప్పదని! కానీ మన కళ్ల ముందు జరిగిన కేసులు చెబుతున్నది వేరు. ఫిర్యాదుదారును తిప్పి పంపడానికి, నిందితుణ్ని లెక్కాపత్రం లేకుండా కూర్చోబెట్టడానికి కారణం ఒకటే... అడిగేవాళ్లు లేరన్న ధీమా.

ఒక కేసు.. రెండు ఉల్లంఘనలు

2019 నవంబరు 27 రాత్రి. శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర నుంచి చెల్లెలికి ఫోన్ చేసిన యువ పశువైద్యురాలు ఆ తర్వాత ఫోన్‌కు దొరకలేదు. కుటుంబ సభ్యులు పోలీసుల దగ్గరికి పరుగెత్తారు. అది ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందన్న తర్జనభర్జనలోనే విలువైన సమయం గడిచిపోయిందన్నది వాళ్ల ఆవేదన. కేసు నమోదులో జాప్యం చేశారంటూ ఒక ఎస్సైనీ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనీ ఉన్నతాధికారులు సస్పెండ్ చేశారు. ఆమె కనిపించకుండా పోయిన మర్నాడే షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి దగ్గర ఆమె మృతదేహం దొరికింది. బాధితురాలి వివరాలు బయటపెట్టకూడదన్న చట్టం ఉంది కాబట్టి ‘దిశ’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

డిసెంబరు 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. జస్టిస్ సిర్పూర్కర్ నేతృత్వంలో సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. ఆత్మరక్షణ కోసం కాల్చామన్న మాట నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. పదిమంది పోలీసులను విచారించాలని సిఫారసు చేసింది. చనిపోయినవారిలో ముగ్గురికి అప్పటికి 18 ఏళ్లు నిండలేదని కూడా చెప్పింది.

ఆ ఉదయంతో నిందితులతోపాటు బాధితురాలి కేసూ ఆగిపోయింది. విచారణ లేదు, సాక్ష్యాలను పరీక్షించిందీ లేదు. నేరం ఎవరు ఎలా చేశారో నిర్ధారించే కోర్టు తీర్పు ఆమె కుటుంబానికి ఎప్పటికీ రాదు. పదహారేళ్లు దాటిన మైనర్లు ఘోర నేరాలు చేస్తే పెద్దలతో సమానంగా విచారించే వీలు 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనే ఉంది. ఆ దారిని ఎవరూ తొక్కలేదు.

నల్లకుంటలో జరిగింది

ఇదే హైదరాబాద్‌లో 1978లో జనం ఇంకోలా స్పందించారు. రాత్రిపూట వీధిలో కనిపించిందంటూ ఒక మహిళను నల్లకుంట స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ ఆమె మీద అత్యాచారం జరిగింది. నిలదీసిన భర్త, ఒక రిక్షా కార్మికుడు, దెబ్బలకు ప్రాణం వదిలాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయ్యాక అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ కేసులో ఎవరు నిందితులు, ఎవరు బాధితులు? స్టేషన్‌లోకి అనుమానితురాలిగా వెళ్లిన మనిషి బాధితురాలిగా బయటికొచ్చింది. ఆ తర్వాత కూడా ఆమె నడవడిక మీదే బురద చల్లారు. ఇలాంటి అనుభవాలు, పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిన మహారాష్ట్రలోని మథుర కేసు మీద చెలరేగిన ఆందోళన కలిసి 1983లో చట్టాన్ని మార్పించాయి. అప్పటి నుంచే కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది. బాధితురాలి గత జీవితాన్ని సాక్ష్యంగా చూడకూడదన్న నిబంధన 2013లో వచ్చింది.

చట్టం ఏమంటోంది?

ఫిర్యాదుదారుతో మొదలుపెడదాం. తీవ్రమైన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ‘మా పరిధి కాదు’ అనే మాటకు ఇప్పుడు చోటు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత జీరో ఎఫ్‌ఐఆర్‌ను చట్టబద్ధం చేసింది. నేరం ఎక్కడ జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో కేసు నమోదు చేయించవచ్చు. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి. లైంగిక నేరాల్లో ఫిర్యాదు తీసుకోని అధికారికి జైలుశిక్ష పడవచ్చు. నిందితుడి జాడ తెలియకపోయినా పరిహారం కోరవచ్చు.

ఇక నిందితుడు. అరెస్టు చేసిన 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగంలోని 22వ అధికరణం. పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు కూడా ‘24 గంటలు’. అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్లకు కబురు చెప్పాలి, వైద్యపరీక్ష చేయించాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఈ నియమాలు ఇప్పుడు చట్టంలో ఉన్నాయి. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు అవసరమేంటో పోలీసులు రాతపూర్వకంగా చూపించాలి. లేదంటే నోటీసు ఇచ్చి పిలవాలి. కోర్టు వరండాల్లో ఇప్పటికీ ‘41-ఎ నోటీసు’ అంటున్నది దీన్నే, కొత్త చట్టంలో అది 35వ సెక్షన్. అరెస్టుకు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

దేశంలోని ఖైదీల్లో దాదాపు నలుగురిలో ముగ్గురు శిక్ష పడినవాళ్లు కాదు, విచారణ ఖైదీలు. వారిలో చాలామందికి వకీలును పెట్టుకునే స్తోమత లేదు. ఇక్కడే 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం గురించి చెప్పుకోవాలి. దాని 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. ఫిర్యాదు చేసే మహిళ, రిమాండులో ఉన్న మనిషి... ఆ చట్టం దృష్టిలో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

విద్యార్థి ఎటువైపు?

పదహారు, పదిహేడేళ్ల ఇంటర్ విద్యార్థి చట్టం ప్రకారం ఇంకా బాలుడే. అతని మీద లైంగిక దాడి జరిగితే పోక్సో చట్టం రక్షిస్తుంది. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. అతనే ఏదో కేసులో ఇరుక్కుంటే లాకప్‌లో పెట్టకూడదు, బాలల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్లాలి. ర్యాగింగ్ సంగతీ అంతే. ఈ ఏడాది బాధితుడు వచ్చే ఏడాది సీనియరై నిందితుడు కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఫిర్యాదు వచ్చినా కదలని ప్రిన్సిపాల్‌ను నేరానికి సహకరించినట్టే భావించాలని అందులో ఉంది. ‘కాలేజీ పరువు’ పేరుతో రాజీ కుదిర్చే యాజమాన్యాలు చదవాల్సిన నిబంధన ఇది.

మరి విద్యార్థిని బాధితుడిగా మార్చే చదువుల ఒత్తిడి సంగతేంటి? విద్యాహక్కు చట్టం శారీరక శిక్షలనూ, మానసిక వేధింపులనూ నిషేధించినా అది పద్నాలుగేళ్ల వరకే. అసలు ఒత్తిడి మొదలయ్యేది ఆ తర్వాత. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పశ్చిమ బెంగాల్ అమ్మాయి చనిపోయింది. స్థానిక దర్యాప్తు మీద నమ్మకం లేక ఆమె తండ్రి కోర్టుకెక్కాడు. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించింది. అదే తీర్పులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది గానీ అంతకుమించి గానీ చదివే చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టం.

కెమెరా ఎవరి పక్షం?

దిశ ఘటన తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు వచ్చేలా బిల్లు పాస్ చేసింది. అది రాష్ట్రపతి ఆమోదం దాకా చేరలేదు. ఆ రాత్రి శంషాబాద్‌లో లోటు పడింది కఠినమైన శిక్ష కాదు, వెంటనే రాసుకోవాల్సిన ఒక ఫిర్యాదు.

అలాంటప్పుడు స్టేషన్‌లో ఏం జరిగిందో బయటివాళ్లకు తెలిసేలా ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫిర్యాదుతో వచ్చిన తల్లిని ఎంతసేపు నిలబెట్టారో ఆ కెమెరాలోనే నమోదవుతుంది. ‘ఊరికే పిలిచాం’ అంటూ తెచ్చిన కుర్రాణ్ని ఎన్ని రాత్రులు ఉంచారో కూడా అందులోనే ఉంటుంది. కెమెరా పాడైందన్న జవాబు వినిపిస్తే నష్టం ఇద్దరిదీ. అందుకే నిందితుడికి హక్కులెందుకని అడిగేవాళ్లు ముందు తమ ఊరి స్టేషన్‌లో ఆ కెమెరా పనిచేస్తోందో లేదో అడగాలి.

ఇవి గుర్తుంచుకోండి

• ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించాలి.
• పోలీసులు ఇంటి మనిషిని తీసుకెళ్తే అరెస్టు మెమో అడగాలి. దాని మీద కుటుంబ సభ్యుల్లో ఒకరు గానీ, ఊళ్లో పెద్దమనిషి గానీ సాక్షి సంతకం చేయాలి.
• ఉచిత న్యాయసాయం కోసం 15100కు ఫోన్ చేయొచ్చు.
• ర్యాగింగ్ మీద యూజీసీ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-5522.