సరుగుడు కొమ్మకూ దాహమేస్తుంది

లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషన్ వాళ్లు కట్టిందే. అంటే ప్రొద్దుటూరు, పులివెందుల, దువ్వూరు చుట్టుపక్కల క్రిస్మస్ నిన్నమొన్నటి పండుగేం కాదు. చర్చిల్లో, ఇళ్లల్లో నిలబెట్టే చెట్టుకు మాత్రం ఇక్కడివాళ్లు సొంత దారి వెతుక్కోవలసి వచ్చింది. మంచు దేశాల ఫర్, స్ప్రూస్ చెట్లు కడప ఎండకు బతకవు. ఆ లోటును తీర్చింది సరుగుడు. కొన్ని చోట్ల దాన్నే సర్వి చెట్టంటారు.

చూడటానికి పైన్ చెట్టులా ఉన్నా సరుగుడు ఆ జాతిది కాదు. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, కణుపులున్న సన్నటి పచ్చని పుల్లలు. అసలు ఆకులు ఒక్కో కణుపు దగ్గర కంటికి ఆననంత చిన్న పొలుసుల్లా ఉంటాయి. నీళ్లు తక్కువైతే ఈ పుల్లలు పసుపెక్కి, కణుపుల దగ్గర తెగి రాలిపోతాయి. అందుకే రెండు రోజుల కిందట నిగనిగలాడిన కొమ్మ కింద పండుగనాటికి చెత్త పోగవుతుంది.

తప్పు కొమ్మది కాదు. నరికిన కొమ్మ కూడా కొన్నాళ్లు నీళ్లు తాగుతూనే ఉంటుంది. చెక్కలోని సన్నటి గొట్టాల గుండా నీరు పైకెక్కి పుల్లల నుంచి ఆవిరైపోతుంది. నరికాక గాలికి వదిలేస్తే కోసిన చోట గొట్టాల్లోకి గాలి చేరుతుంది, నీటికి దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత బకెట్ నిండా నీళ్లు పోసినా లాభం తక్కువ. నీళ్లలో పెట్టబోయే ముందు మొదలును ఒక అంగుళం మేర రంపంతో అడ్డంగా, తిన్నగా కోయాలన్నది ఇందుకే. ఏటవాలుగా కోస్తే ఎక్కువ తాగుతుందన్నది ఉత్త నమ్మకం. పైగా కొమ్మ నిలకడగా నిలవదు. స్టాండులో పట్టడం లేదని మొదలు చుట్టూ చెక్కేయడం అంతకన్నా చేటు. నీళ్లు బాగా లాగేది బెరడుకు ఆనుకుని ఉన్న చెక్కే.

సముద్రతీరంలోలా కడప పల్లెల్లో సరుగుడు తోటలు విస్తారంగా ఉండవు. ఎక్కడో కొట్టిన కొమ్మ ఆటో మీదో మోటారు సైకిల్ మీదో ఎండలో, ఎదురుగాలిలో వస్తుంది. మొదలుకు తడి గోనెసంచి చుట్టి తెస్తే సగం పని అయినట్టే.

ఇంటికొచ్చాక చాలామంది చేసే పని, బకెట్‌లో ఇసుక నింపి కొమ్మ గుచ్చడం. కొమ్మ కదలకుండా నిలబడుతుంది నిజమే, కానీ పొడి ఇసుకలో తాగడానికి ఏముంది? ఇసుక బదులు కంకరరాళ్లు వేసి, వాటి మధ్య మొదలును బిగించి నీళ్లు పోస్తే రెండు పనులూ జరుగుతాయి. అమెరికాలో మొదలు మందం అంగుళానికి సుమారు లీటరు నీళ్లు పట్టే తొట్టి ఉండాలంటారు. ఆ లెక్క అక్కడి చెట్లది. ఇక్కడ కూడా రెండంగుళాల కొమ్మకు రెండు లీటర్లతో మొదలుపెట్టి, కోసిన చోటు ఏ పూటా నీళ్లపైకి తేలకుండా చూసుకుంటే చాలు.

నీళ్లలో చక్కెర వేయాలని, ఆస్పిరిన్ మాత్ర కలపాలని సలహాలు చెప్పేవాళ్లకు ఏ ఊళ్లోనూ కొదవలేదు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో గ్యారీ చస్టాగ్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి క్రిస్మస్ చెట్ల మీద చేసిన పరిశోధనల్లో తేలిందేమంటే, మామూలు నీళ్లే మేలు.

విదేశీ సలహాల్లో కనపడని జాగ్రత్తలు ఇక్కడ వేరే ఉన్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్ల ఇంట్లో చెట్టును ఎండబెట్టేది హీటరు. దువ్వూరులో ఆ పని చేసేది ఫ్యాను. డిసెంబరు చివర్లోనూ మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి కొమ్మ ఉండాల్సింది ఫ్యాను కింద కాదు, పడమటి కిటికీ దగ్గరా కాదు, నీడపట్టున ఒక మూల. రెండోది దోమ. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్లలోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు పారబోసి, బకెట్ తోమి, కొత్త నీళ్లు పట్టడం కొమ్మకూ మంచిదే, ఇంటిల్లిపాదికీ మంచిదే.

అన్నిటికన్నా పెద్ద సంగతి నిప్పు. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలల పరీక్షల్లో బాగా ఎండిన క్రిస్మస్ చెట్టు నిమిషం లోపే నిలువునా అంటుకుంది. తడి చెట్టు అంత తేలిగ్గా అంటుకోలేదు. ఒకప్పుడు యూరప్‌లో చెట్టు మీదే కొవ్వొత్తులు వెలిగించేవారు. 1882లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి చెట్టుకు తొలిసారి కరెంటు దీపాలు పెట్టాక ఆ అలవాటు మెల్లగా తగ్గింది. మన ఇళ్లల్లో మంచు బదులు కొమ్మల మీద దూది పరుస్తారు, పక్కనే కొవ్వొత్తి వెలిగిస్తారు. ఇంతకన్నా ప్రమాదకరమైన జత ఇంకొకటి ఉండదు. దూది వద్దనలేకపోతే కొవ్వొత్తినైనా గది అవతలకు జరపాలి. సీరియల్ సెట్టు ఎల్‌ఈడీది అయితే వేడి తక్కువ. వైరు తొడుగు చిట్లిన పాత సెట్టును బాగుచేసి వాడటం కన్నా పారేయడమే నయం.

నక్షత్రం డిసెంబరు ఒకటిన కట్టండి, తప్పులేదు. కొమ్మను మాత్రం ఇరవై రెండో ఇరవై మూడో తేదీన తెచ్చుకోండి. ముట్టుకుంటే పుల్లలు జలజలా రాలుతున్నాయంటే కొత్త సంవత్సరం దాకా ఆగకుండా ఆ రోజే వాకిట్లో పెట్టేయండి. రాత్రి పడుకునే ముందు సీరియల్ లైట్ల స్విచ్ ఆపేయండి.