నంబర్ ప్లేటు పోతే ఏ దుకాణానికి వెళ్లాలి?

మోకాలి లోతు వాన నీటిలో కారు పోనిస్తే ముందు బంపర్‌కున్న నంబర్ ప్లేటు ఊడి కొట్టుకుపోవడం మన నగరాల్లో కొత్త సంగతేం కాదు. పార్కింగులో ఎవరో గుద్దేసి ప్లేటు వంచి వెళ్లడం అంతకన్నా మామూలు. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. దగ్గర్లోని రేడియం షాపుకు వెళ్లి, తాళంచెవికి నకలు చేయించుకున్నంత తేలిగ్గా, నంబరు చెప్పి కొత్త ప్లేటు బిగించుకు వస్తారు. హైసెక్యూరిటీ ప్లేటు ఉన్న కారుకు అలా చేయించింది చెల్లదు.

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన ప్రతి బండికీ హైసెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దాన్ని కంపెనీయే డీలరు ద్వారా బిగించి ఇవ్వాలి. అంతకుముందు రవాణా శాఖ ద్వారా ఇవే ప్లేట్లు పడిన బండ్లూ ఉన్నాయి. ఆ ప్లేటు ఎలా ఉండాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 50వ నిబంధన చెబుతుంది. అల్యూమినియం రేకు, ఎడమవైపు పైన అశోకచక్రం ఉన్న హోలోగ్రామ్, నీలిరంగులో ఐఎన్‌డీ అక్షరాలు, అంకెల మీద వాలుగా అచ్చయిన ఇండియా అనే మాట. ఇవన్నీ కంటికి కనబడేవే కాబట్టి అనుకరించడం కష్టం కాదు. ఉబ్బెత్తు అంకెలు, ఐఎన్‌డీ, చివరికి చక్రం స్టిక్కరు కూడా వేసి ఇచ్చే షాపులున్నాయి. పది అడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

తేడా అంతా ఎడమవైపు చిన్నగా లేజరుతో చెక్కిన సంఖ్యలో ఉంది. ముందు ప్లేటుకు ఒక సంఖ్య, వెనక ప్లేటుకు వేరొకటి. ఆ రెండూ మీ బండి నంబరుతో పాటు ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ డేటాబేస్ అయిన వాహన్ రికార్డుల్లోకి ఎక్కుతాయి. కారు ముందు అద్దానికి లోపల అంటించే స్టిక్కరు మీద కూడా ఆ రెండు సంఖ్యలూ, ఇంజిన్, ఛాసిస్ నంబర్లూ ఉంటాయి. దొంగ మీ ప్లేటు ఊడదీసి ఇంకో కారుకు పెట్టినా, ఆ కారు అద్దం మీది స్టిక్కరుతో అది కలవదు. పైగా ప్లేటును పట్టి ఉంచే స్నాప్ లాకులు ఒకసారి విరగ్గొడితే మళ్లీ పనికిరావు.

రేడియం షాపతను మోసగాడని నేననను. చిక్కెక్కడంటే, అతను ఆర్సీ అడగడు. మీ నంబరు మీరు చెప్పినా వేస్తాడు, మీ నంబరు ఇంకెవరు చెప్పినా వేస్తాడు. ఎప్పుడూ వెళ్లని ఊరిలో సిగ్నల్ దాటినట్టు ఇంటికి చలానా వచ్చే కథల వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి ప్లేటే. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ ప్లేటు దుకాణంలోనే దొరుకుతుంది గానీ, ఆ దుకాణం అక్కడి వాహనాల లైసెన్సింగ్ సంస్థ డీవీఎల్ఏ దగ్గర నమోదై ఉండాలి, మీరు గుర్తింపు కార్డూ బండి కాగితమూ చూపాలి. మన దగ్గర ఆ దుకాణం తలుపే మూసి, కంపెనీల ద్వారా మాత్రమే ఇమ్మన్నారు. కొంచెం తిప్పలు ఎక్కువే, కాని ఉద్దేశం అదే.

ఇక ఎలా తెప్పించుకోవాలంటే, మొదట పోయిందా, దెబ్బతిన్నదా అన్నది చూసుకోండి. పోయినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. బుకింగ్‌లో ఎఫ్ఐఆర్ కాపీ అడుగుతారు. వంగిపోయినా, విరిగినా ఆ ముక్కను పారేయకండి, పాతది తీసుకునే కొత్తది బిగిస్తారు. తర్వాత వాహన తయారీదారుల సంఘమైన సియామ్ వెబ్‌సైట్ నుంచో, రవాణా శాఖ చూపే లింకు నుంచో, మీ డీలరు దగ్గరో బుక్ చేసుకోవాలి. గూగుల్‌లో మొదట కనబడిన ప్రకటన మీద నొక్కి డబ్బు కట్టకండి, ఈ పేరుతో నకిలీ సైట్లు నడుస్తున్నాయి. ముందుదో వెనకదో ఒక్కటే పోతే ఆ ఒక్కదానికే ఆర్డరు పెట్టొచ్చు. ఖర్చు వందల్లోనే.

తెలంగాణలో ఒక సందేహం తరచూ వినబడుతుంది. ఎలాగూ కొత్త ప్లేటు వేయిస్తున్నాం, టీఎస్ తీసి టీజీ పెట్టించుకుంటే పోలా అని. కుదరదు. 2024 మార్చిలో వచ్చిన టీజీ ఆ తర్వాత రిజిస్టరైన బండ్లకే. ప్లేటు మీద ఉండాల్సింది ఆర్సీలో ఉన్న నంబరు, అదే అక్షరాలతో. 2014కు ముందు ఏపీ నంబరుతో రిజిస్టరైన హైదరాబాద్ కార్లు ఇప్పటికీ ఏపీ నంబరుతోనే తిరగొచ్చు. సొంత కారుకు తెలుపు మీద నలుపు అంకెలు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు, సొంత ఎలక్ట్రిక్ కారుకు ఆకుపచ్చ మీద తెలుపు, ఇందులోనూ మన ఇష్టానికి చోటు లేదు.

ప్లేటు వచ్చేలోగా బండి తీయక తప్పకపోతే పోలీసు ఫిర్యాదు, బుకింగ్ రసీదు కారులో ఉంచుకోండి. అవి మినహాయింపు పత్రాలు కావు, తనిఖీలో మీ మాటకు ఆధారం మాత్రమే. బిగించే రోజున ప్లేటు చేతికిచ్చి ఇంటి దగ్గర పెట్టుకోమంటే ఒప్పుకోకండి. లేజరు సంఖ్య రసీదులో ఉన్నదానితో కలిసిందో లేదో అక్కడే చూడండి, లాకులు పడ్డాకే కదలండి, అద్దం స్టిక్కరు కూడా కొత్తది కావాలని అడగండి. ఆ రసీదు దాచుకోండి, ప్లేటుకు నిబంధనల ప్రకారం కనీసం ఐదేళ్ల గ్యారంటీ ఉంటుంది.