అరచేతిలోని పంచాంగము

రాయలసీమ వర్షాధారమైన సీమ. కర్నూలు, కడప ప్రాంతములలో సంవత్సరమునకు కురియు వాన ఏడువందల మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియైనను వేళకు కురియునన్న నమ్మకము లేదు. నేలలో పదునున్న నాలుగైదు దినములలో విత్తనము పడినచో పంట చేతికి వచ్చును. పదును ఆరిన పిదప విత్తినచో గింజయు దక్కదు. కావున ఇచ్చటి రైతునకు తేదీ యనునది గోడమీది అంకె మాత్రము కాదు, అది బ్రదుకుతెరువు.

పూర్వమునుండి రైతులు తమ పనులను కార్తెలనుబట్టి నిర్ణయించుకొనుచున్నారు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు కాలమునకు కార్తె యని పేరు. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. జూన్ 8 ప్రాంతమున మృగశిర, 22 ప్రాంతమున ఆరుద్ర ప్రవేశించును. ఇవి సూర్యగతిని అనుసరించునవి గనుక ఇంగ్లీషు తేదీలతో ఇంచుమించుగా సరిపోవును. నక్షత్రములను ఆధారముగా గొన్న సంవత్సరము ఇంగ్లీషు సంవత్సరముకంటె కొన్ని నిమిషములు పెద్దది. ఆ నిమిషములు పోగై, సుమారు 72 సంవత్సరములకు ఒక దినము చొప్పున కార్తెలు ముందుకు జరుగును.

పండుగల సంగతి వేరు. అవి చంద్రుని తిథులనుబట్టి వచ్చును. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములే. సూర్యునితో పోల్చిన ఏటేట పదునొకండు దినముల వెలితి. ఆ వెలితిని పూరించుటకే రెండు మూడేండ్ల కొకసారి అధికమాసము వచ్చును. 2022లో ఉగాది ఏప్రిల్ 2న వచ్చినది. 2023లో మార్చి 22న వచ్చినది. ఆ యేడు అధిక శ్రావణము పడుటచేత 2024లో ఉగాది ఏప్రిల్ 9కి జరిగినది. పదునొకండు దినములు వెనుకకు వచ్చిన పండుగ మరుసటి యేడు పదునెనిమిది దినములు ముందుకు పోయినదన్న మాట.

ముసల్మానుల హిజ్రీ సంవత్సరమునకు అధికమాసము లేదు. కావున మొహర్రము, రంజాను ఏటేట పదునొకండు దినములు వెనుకకు వచ్చుచు, ముప్పదిమూడు సంవత్సరములలో ఋతువులన్నిటిని చుట్టి వచ్చును. ఈ సీమలో పీర్ల పండుగనాడు హిందువులును మ్రొక్కులు తీర్చుకొందురు. ఉగాదినాడు దేవుని కడప ఆలయమునకు ముసల్మానులును వచ్చి పూజలు చేయింతురు. అనగా ఇచ్చటి గృహస్థు ఒక లెక్కతో కాక, మూడు నాలుగు లెక్కలతో కాలమును గడుపుచున్నాడు.

ఈ చిక్కు నేడు పుట్టినది కాదు. 1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చి, అచ్చట పండితులను చేర్చి తెలుగు గ్రంథములను ఉద్ధరించిన సి. పి. బ్రౌను దొర ఈ లెక్కలన్నిటిని సమన్వయపరచుటకు పాటుపడెను. హిందూ, మహమ్మదీయ కాలగణనముల పట్టికలను ఆయన 1850లో మదరాసున ప్రకటించెను. ఆ పద్ధతులను వివరించు మరియొక గ్రంథమును 1863లో లండనున అచ్చు వేయించెను. ఒక సంవత్సరము పేరు చూచి, అది క్రీస్తుశకమున ఏ సంవత్సరమో తెలిసికొనవలెనన్న, ఆ పట్టికలు తిరుగవేయవలసియుండెను.

ఆ పిమ్మట గడియారములకును సమన్వయము కావలసివచ్చెను. కడపమీదుగా పోవు మదరాసు–బొంబాయి రైలుమార్గము 1871లో పూర్తియైనది. నాటి రైళ్లు మదరాసు కాలమును పాటించుచుండెను. 1906 జనవరి 1 నుండి భారతదేశపు ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చెను. దానికి ఆధారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము; అది కాకినాడకు సమీపమున పోవుచున్నది. కర్నూలు ఆ రేఖకు పడమరగా నున్నందున, అచ్చట సూర్యుడు నడినెత్తికి వచ్చుట సుమారు 18 నిమిషములు ఆలస్యము. కడపలో సుమారు 15 నిమిషములు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘము దేశమందలి పంచాంగములను పరిశీలించెను. దాని సలహాను అనుసరించి 1957 మార్చి 22 నుండి జాతీయ శక పంచాంగము వాడుకలోనికి వచ్చెను.

నేడు ఈ లెక్కలన్నియు సెల్‌ఫోనులో ఇమిడియున్నవి. బ్రౌను దొర పట్టికలలో వెదకిన సంగతిని క్యాలెండరు యాప్ క్షణములో చూపును. అయినను యాప్‌లు పెక్కులు. వానిలో ఏది మన అవసరమునకు తగినదో ఎరుగనిచో, పరికరము చేతిలో నుండియు పని చెడును. ఇది తెలియుటకు ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును.

నంద్యాలకు చేరువలో, కర్నూలు–కడప కాలువ క్రింద ఒక పల్లె. ఆ యింట తాత, తండ్రి, తల్లి, పదవ తరగతి చదువు కుమార్తె కలరు. పెద్ద కుమారుడు, ఈ సీమవారు పెక్కుమంది వలె, కువైటులో పని చేయుచున్నాడు. తండ్రికి సేద్యపు పనులు, తల్లికి పొదుపు సంఘపు సమావేశములు, వాయిదాలు, బాలికకు పరీక్షలు. తాతకు కంట నీటికాసులు. ఆ వ్యాధిలో కంటిలోని ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుండి కొంచెము కొంచెముగా తరిగిపోవును. ఒకసారి పోయిన చూపు మరల రాదు. ఉన్న చూపును నిలుపుకొనుటకు ప్రతిదినము చుక్కల మందు వేసికొనవలెను; చెప్పిన నాటికి వైద్యుని చూడవలెను.

2023 జూన్ మొదట వైద్యుడు మూడు నెలలకు మందు ఇచ్చి, సెప్టెంబరు 1న రమ్మని చీటీపై వ్రాసెను. తాతకు ఇంగ్లీషు తేదీలు అలవాటు లేవు. తండ్రి తొందరలో, గోడకు వ్రేలాడుచున్న పాత క్యాలెండరు చూచి, “చవితి పండుగ మరునాడు పోవలెను నాయనా” అని చెప్పెను. 2022లో వినాయక చవితి ఆగస్టు 31న వచ్చిన మాట నిజమే. కాని 2023లో అధిక శ్రావణము వచ్చినది. చవితి సెప్టెంబరు 18కి జరిగినది. చీటీ పెట్టెలో నుండిపోయెను. మందు నెలాఖరుకు ముగిసెను. పండుగ మరునాడు తాత ఆసుపత్రికి పోవునప్పటికి పదునెనిమిది దినములు మందు లేక గడచినవి, ఒత్తిడి పెరిగియుండెను. ఎడమ కంట ప్రక్కచూపు కొంత తగ్గినదని వైద్యుడు చెప్పెను.

ఆ రాత్రి తాత మనుమరాలితో, “అమ్మా, పండుగ జరిగినదని నాకు తెలియును. చీటీ జరుగలేదని నాకెవరు చెప్పిరి?” అనెను. అందు నింద లేదు. అయినను ఆ మాట ఆ బాలిక మనస్సున నాటుకొనెను. ఇంటిలో నలుగురి తేదీలు నాలుగు చోట్ల నున్నవి. ఒకరి లెక్క మరియొకరికి తెలియదు. అన్నియు ఒక చోట నుండవలెనని ఆమె నిశ్చయించుకొనెను.

ఆమె యాప్‌ల అందచందములను చూడలేదు. తమ యింటి అవసరములనే పరీక్షలుగా చేసి, మూడు యాప్‌లలో అవే సంగతులను నమోదు చేసి చూచెను.

మొదటిది, తిథి పరీక్ష. జేజి సాంవత్సరికము మాఘమాసమున ఒక తిథినాడు వచ్చును. సామాన్యమైన క్యాలెండరులో “ఏటేట” అని గుర్తు పెట్టినచో, అది ఇంగ్లీషు తేదీనే మరల మరల చూపును, తిథిని చూపదు. పంచాంగపు యాప్ తిథిని చూపును గాని, అది ఏ ఊరి సూర్యోదయమును గణించుచున్నదో చూడవలెను. ఊరి పేరు అడిగి లెక్క కట్టు యాప్ మేలు. తిథి ముగియు వేళ సూర్యోదయమునకు దగ్గరగా నున్నపుడు, కొన్ని నిమిషముల భేదముచేత దినమే మారవచ్చును. పంచాంగములలో దృక్సిద్ధాంతమును, పూర్వసిద్ధాంతమును అనుసరించునవి వేరు వేరుగా నున్నవి గనుక, ఇంటివారు పాటించు పద్ధతి ఏదో కూడ తెలిసికొనవలెను. లెక్క ఒకటే యైనను ఆచారమునుబట్టి దినము మారుటయు కలదు. 2023లో చవితి తిథి సెప్టెంబరు 18 మధ్యాహ్నమున ప్రారంభమై 19 మధ్యాహ్నము వరకుండెను. అందుచేత కొన్ని చోట్ల 18నను, మహారాష్ట్రాదులలో 19నను పండుగ జరిగినది. యాప్ లెక్క కట్టును. నిర్ణయము చేయవలసినది మనుష్యుడే.

రెండవది, దూరపు పరీక్ష. కువైటు కాలము మన కాలమునకు రెండున్నర గంటలు వెనుక. అన్న అచ్చట రాత్రి 8 గంటలకు మాటాడుదునని నమోదు చేసినచో, ఇచ్చట 10-30 అని చూపవలెను. మంచి యాప్ సంగతితో పాటు ఏ దేశపు కాలమో కూడ గుర్తుంచుకొని, చూచువాని కాలమునకు తానే మార్చి చూపును. అట్లు చేయని యాప్‌ను ఆమె విడిచిపెట్టెను.

మూడవది, పంపకపు పరీక్ష. తల్లి వ్రాసినది తండ్రికి, తండ్రి వ్రాసినది తల్లికి కనబడవలెను. అయినను అందరి సంగతులు అందరికి కనబడ నక్కరలేదు. కుటుంబమునకు ఒక పట్టిక, ఎవరి సొంతమునకు వారికొక పట్టిక, వేరు వేరు రంగులలో నుంచుకొను వీలుండుట మేలు. 2006లో వెలువడిన గూగుల్ క్యాలెండరు మొదలైన వానిలో ఈ సౌకర్యము కలదు.

నాల్గవది, తెగిన తీగ పరీక్ష. ఆమె ఫోనులో ఇంటర్నెట్టును ఆపివేసి చూచెను. పొలమున సంకేతము అందని వేళ కూడ నమోదులు కనబడవలెను, హెచ్చరిక మ్రోగవలెను.

వీనికి తోడు రెండు జాగ్రత్తలు అవసరము. యాప్ అడుగు అనుమతులను చదువవలెను. తేదీలు చూపు యాప్‌నకు మన ఫోటోలతోను, పరిచయస్థుల నంబర్లతోను పనియేమి? తాత వ్యాధి, తల్లి అప్పు వాయిదా పరులు చూడదగినవి కావు. రెండవ జాగ్రత్త యేమన, ఒక యాప్‌లో వ్రాసినది మరియొక దానిలోనికి తీసికొనిపోవు వీలుండవలెను. ఇందులకై 1998లో ఐక్యాలెండర్ అను ఉమ్మడి ప్రమాణము ఏర్పడి, 2009లో సవరింపబడినది. దానిని పాటించు యాప్ మూతపడినను మన తేదీలు మనతో వచ్చును.

ఇట్లు పరీక్షించి చూడగా, అన్ని పరీక్షలలోను గెలిచిన యాప్ ఒకటియు లేదని ఆమెకు తెలిసెను. పంపకమునకు అనువైనది తిథిని ఎరుగదు. తిథి నెరిగినది పంపకమునకు పనికిరాదు. ఆమె చేసిన ఉపాయము ఇది. పంపకము, హెచ్చరిక బాగుగానున్న యాప్‌ను కుటుంబ పట్టికకు తీసికొనెను. తిథులకు మాత్రము పంచాంగమునే ఆశ్రయించెను. ఉగాదినాడు క్రొత్త పంచాంగము ఇంటికి వచ్చినంతనే, తాత తిథులను, కార్తెలను చదువగా, ఆమె ఆ యేటి ఇంగ్లీషు తేదీలతో వానిని నమోదు చేసెను. ఏటేట ఉగాదినాడు ఈ పని చేయుట ఆ యింటి ఆచారమైనది.

హెచ్చరికల విషయమున కూడ ఆమె ఒక పాఠము నేర్చెను. మొదట ప్రతి పనికిని హెచ్చరిక పెట్టగా, దినమంతయు ఫోను మ్రోగుచుండెను. తండ్రి విసిగి శబ్దమును ఆపివేసెను. అన్నిటికి మ్రోగు గంటను ఎవరును వినరు. కావున తప్పినచో నష్టము కలిగించు వానికి మాత్రమే ఆమె హెచ్చరిక ఉంచెను. ఆసుపత్రి తేదీకి రెండు హెచ్చరికలు: మందు కొనుటకు వారము ముందొకటి, ప్రయాణమునకు ముందునాడొకటి.

2024 ఉగాది తరువాత తాత ఒక్క తేదీయు తప్పలేదు. ఎడమ కంట పోయిన చూపు తిరిగి రాలేదు. వ్యాధి స్వభావమే అట్టిది. కాని ఉన్న చూపు నిలిచినది. ఆ చూపుతోనే ఆయన ప్రతి ఉగాదికిని పంచాంగములోని సన్నని అక్షరములను వెలుతురునకు పట్టి చదువుచున్నాడు. మనుమరాలు ప్రక్కన కూర్చుండి ఫోనులో వ్రాయుచున్నది.