రహదారి లెక్కలో ఇల్లాలి నడక

ఇంట శుభకార్యము తలపెట్టిన యిల్లాలు పొయ్యి వెలిగింపక మునుపే మనస్సులో నొకమాఱు పెండ్లి నడిపి చూచుకొనును. బంధువు లెందఱు వత్తురు, ఎన్ని పంక్తులు వేయవలెను, ఒక పంక్తి లేచులోపల తక్కినవా రెచటఁ గూర్చుందురు అని యామె ముం దూహింపనిచో వడ్డన వేళ గుమ్మమువద్ద త్రొక్కిడి తప్పదు. పట్టణపు రహదారుల నేర్పఱచువారు నేఁడు చేయుచున్నదియు నిట్టి యూహయే. వారు దానిని కంప్యూటరులో నడిపి చూతురు. దీనికే ట్రాఫిక్ సిమ్యులేషన్ అని పేరు.

దేవాలయమున దర్శనమునకు బారులు తీఱినపుడు ముందున్న యొకరు క్షణము తడఁబడినచో, ఎంతో వెనుక నున్నవారు కారణ మెఱుఁగకయే నిలిచిపోవుదురు. రహదారిమీఁద నిట్లే జరుగును. 1992లో కై నాగెల్, మైకేల్ ష్రెకెన్‌బర్గ్ అను జర్మను శాస్త్రజ్ఞులు త్రోవను ఏడున్నర మీటర్ల గడులుగా విభజించి, వాహనములకు కొలఁది నియమములు మాత్రమే యిచ్చిరి: వీలైనచో వేగము పెంచవలెను, ముందు చోటు లేనిచో తగ్గింపవలెను, అప్పుడప్పుడు కారణము లేకయే కొంచెము మందగింపవలెను. ఇంతమాత్రముననే, ఏ యడ్డంకియు లేని త్రోవలోఁ గూడ వాహనములు గుమిగూడి నిలిచిపోవుట కనఁబడినది.

ఈ విద్యవలని మేలు స్పష్టము. వంతెన కట్టిన పిమ్మట తప్పు తెలిసినచో ధనము వ్యర్థము. కంప్యూటరులోని తప్పు చెఱిపి మరల వ్రాయవచ్చును. బస్సులకు వేఱుదారి యిచ్చినచో ఎందఱు కారు మానుదురు, పొగ యెంత తగ్గును అను ప్రశ్నలను ముందే పరీక్షింపవచ్చును.

స్వీడన్ రాజధానియైన స్టాక్‌హోములో నగరమధ్యమునకు వచ్చిపోవు కార్లపై సుంకము విధింపఁ దలఁచి, ఫలిత మెట్లుండునో ముందుగా లెక్క గట్టిరి. అదనపు బస్సులు నడిపి, 2006 జనవరి 3 మొదలు జూలై 31 వఱకు సుంకమును ప్రయోగముగా నమలుపఱచిరి. సరిహద్దు దాఁటు వాహనములు నూటికి సుమా రిరువది తగ్గినవి. ఇది ముందు లెక్కకు దగ్గఱగనే యున్నది. కాని దారిలోని యాలస్యము లెక్క చెప్పినదానికన్న నెక్కువగాఁ దగ్గినది. వాహనముల బారు వెనుకకుఁ బ్రాఁకు తీరు ఆ లెక్కలో లేకపోవుటయే కారణము. మొదట నిష్టపడని నగరవాసులు పలువురు ఫలితముఁ జూచిన పిమ్మట మనసు మార్చుకొనిరి. సెప్టెంబరులో జరిగిన యోటులో స్వల్పాధిక్యముతో సుంకము నెగ్గినది. 2007 ఆగస్టు 1 నుండి యది స్థిరమయ్యెను.

లెక్కలో చేరనిది ఫలితమునఁ గానరాదని దీనివలనఁ దెలియుచున్నది. మన కిందు ముఖ్యమగు పాఠము గలదు. ఉద్యోగి ప్రయాణము సూటిగా నుండును: ఉదయము పోవుట, సాయంకాలము వచ్చుట. ఇల్లాలి ప్రయాణ మట్టిది కాదు. బిడ్డను బడిలో దించి, అత్తగారి మందులు కొని, కూరగాయలు తీసికొని, మరల బడికిఁ బోయి బిడ్డతో నింటికి వచ్చును. అందులో సగము నడకయే. చాలకాలము ప్రయాణపు లెక్కలలో ఉద్యోగమునకుఁ బోవువారికే పెద్దపీట వేసిరి. చిన్న నడకలు విడువఁబడినవి. నడకలు లెక్కకు రానిచోఁ గాలిబాట యెవరికి వలయునని కంప్యూటరునకుఁ దోఁచును?

కావున ప్రయాణవివరములు వ్రాసికొనువారు మీ గుమ్మమునకు వచ్చినపుడు, “మావారి నడుగుఁడు, నే నెక్కడికిఁ బోదును?” అని తలుపు వేయకుఁడు. బడికి నడచిన నడక, సంతకుఁ బోయిన దారి, చీఁకటిలో భయపడిన మలుపు, బస్సుకై నిలిచిన సేపు అన్నియుఁ జెప్పుఁడు. పెండ్లిలో పేరు మఱచిన చుట్టమునకు విస్తరి మిగులదు. పట్టణపు లెక్కలో మన మట్టి చుట్టములము కారాదు.